చెప్పని సగం: రంగం నుంచి నడిచొచ్చిన కుటుంబంలో ఒక మనవడి కోపం

కౌన్సెలింగ్ కోసం నా దగ్గరికొచ్చిన ఈ కేసు 2019 వర్షాకాలంలో విశాఖలో మొదలైంది. లాక్‌డౌన్ వల్ల మధ్యమధ్యలో ఆగుతూ 2021 దాకా సాగింది. కుటుంబం అనుమతితోనే రాస్తున్నాను. పేర్లు రాయలేదు, గుర్తుపట్టే వివరాలు కొన్ని మార్చాను. వచ్చిన కుర్రాణ్ణి మనవడు అనే అంటాను, ఈ కేసులో అతని పాత్ర అదే కాబట్టి.

ఎందుకు తీసుకొచ్చారు

మనవడికి అప్పటికి ఇరవై నాలుగేళ్లు. సివిల్ ఇంజనీరింగ్ చదివి, మధురవాడ వైపు ఒక అపార్ట్‌మెంట్ సైట్‌లో సూపర్‌వైజర్‌గా చేరాడు. ఒకరోజు సెంట్రింగ్ పని చేసే కుర్రాడి కాలర్ పట్టుకుని, "నువ్వు రోహింగ్యావి, ఆధార్ తియ్" అని మీదకెళ్లాడు. ఆ కుర్రాడిది బెంగాల్‌లో మాల్దా జిల్లా. లేబర్ కాంట్రాక్టరు మధ్యలో దూరి విడదీశాడు. పోలీసుల దాకా పోలేదు గానీ ఉద్యోగం పోయినంత పనైంది.

తల్లి చెప్పిన మిగతా సంగతులు ఇవి: రాత్రి రెండింటిదాకా ఫోన్. నిద్ర లేదు. ఇంజనీరింగ్‌లో నాలుగేళ్లు రూమ్మేట్‌గా ఉన్న ముస్లిం స్నేహితుడి ఫోన్ ఎత్తడం మానేశాడు. భోజనాల దగ్గర రాజకీయం ఎత్తితే కంచం తోసేసి లేచిపోతాడు.

మందు అలవాటు లేదు. డిప్రెషన్, బైపోలార్ లాంటివి లేవని సైకియాట్రిస్టు చూసి చెప్పారు, నిద్రకి కొద్దిరోజులు మాత్రలిచ్చారు. నా దగ్గరకొచ్చేసరికి అతను మర్యాదగానే ఉన్నాడు. "నాకేం జబ్బు లేదు మేడమ్, నిజం తెలిసింది అంతే" అన్నాడు.

ఆ నిజం ఏమిటో చూపించమన్నాను. ఫోన్లో ఒక ఫోల్డర్ తెరిచాడు. దాని పేరు 'అమ్మమ్మ'. లోపల అమ్మమ్మ ఫొటోలు లేవు, ఫార్వర్డ్‌లున్నాయి. మొదటిది మూటలు మోసుకుని కొండదారిలో నడుస్తున్న జనం పాత ఫొటో. పైన ఎర్ర అక్షరాలతో, బర్మాలో ఐదు లక్షలమంది మనవాళ్లని ఊచకోత కోశారనీ చరిత్ర పుస్తకాలు దాచేశాయనీ ఉంది. కింద, ఆ చంపినవాళ్లే ఇవాళ శరణార్థులుగా మన మధ్యకొచ్చారని ఉంది. బర్మాలోని అరకాన్ నుంచి వచ్చి హైదరాబాద్‌లో ఉంటున్న ముస్లిం శరణార్థుల, అంటే రోహింగ్యాల గురించి ఆ మాట.

ఇంట్లో తెలిసింది రెండు వాక్యాలు

జెనోగ్రామ్ గీయించేటప్పుడు, అంటే మూడు తరాల వంశవృక్షం వేసి ఎవరు ఎక్కడ పుట్టారు, ఎలా పోయారు అని రాసుకునేటప్పుడు, తల్లివైపు పెన్ను ఆగిపోయింది. అమ్మమ్మ రంగంలో, అంటే బర్మాలోని రంగూన్‌లో పుట్టింది. రెండో ప్రపంచ యుద్ధమప్పుడు వచ్చేశారు. తల్లికీ అంతే తెలుసు. అమ్మమ్మకి అన్నదమ్ములున్నారా అంటే తల్లీకొడుకులు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

విశాఖలో బర్మా అనగానే కంచరపాలెం దగ్గరి బర్మా క్యాంపు, కొబ్బరిపాల నూడుల్స్ గుర్తొస్తాయి. వాళ్ల చరిత్ర వేరు. 1962లో నె విన్ సైనిక కుట్రతో గద్దెనెక్కి, 1964లో దుకాణాలు, వ్యాపారాలు జాతీయం చేశాక ఓడల్లో తిరిగొచ్చినవాళ్లు వాళ్లు. ప్రభుత్వం వాళ్లకి క్యాంపులు పెట్టింది, కాలనీ పేర్లొచ్చాయి. 1942లో నడిచొచ్చినవాళ్లకి కాలనీ లేదు. భీమిలి, శ్రీకాకుళం పల్లెల్లో చుట్టాల ఇళ్లలో సర్దుకుని కలిసిపోయారు. వస్తువులు కూడా మిగల్లేదు. అంత దూరం నడిచేవాళ్లు ఏం మోసుకొస్తారు?

నగరం కూడా వాళ్లని గుర్తుపెట్టుకోలేదు. బీచ్ రోడ్డులో 1971 యుద్ధానికి స్మారకముంది, కురుసుర జలాంతర్గామి ఉంది, నేవీ డే విన్యాసాలు జరిగితే జనం ఇసకేస్తే రాలనంతగా వస్తారు. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖ మీద బాంబులేసిన సంగతికి గుర్తుగా విశాఖ మ్యూజియంలో పేలని బాంబు ఒకటి ఉంది. రంగం నుంచి నడిచొచ్చినవాళ్ల గుర్తుగా నాకు తెలిసి ఏదీ లేదు.

ఆ రెండు వాక్యాల వెనక ఏముంది

కేసు అర్థం కావాలంటే చరిత్ర కొంత చెప్పాలి. కోరంగి, కాకినాడ, విశాఖ, భీమిలి రేవుల నుంచి మనవాళ్లు దశాబ్దాలపాటు రంగం వెళ్లారు. 1931 జనాభా లెక్కల్లో రంగూన్‌లో సగానికి పైగా భారతీయులే. రేవులో ఓడ సరుకు దించే కూలీల్లో తెలుగువాళ్లే ఎక్కువ. 1930 మేలో వాళ్లు కూలి పెంచమని సమ్మె కడితే, యజమానులు బర్మా కూలీలని పెట్టుకున్నారు. సమ్మె తీరగానే ఆ బర్మా కూలీలని పొమ్మన్నారు. గొడవ అక్కడ మొదలై ఊరంతా పాకింది. అధికారిక లెక్కలోనే వందమందికి పైగా పోయారు, ఎక్కువమంది మనవాళ్లే. ఆ కొట్లాటల వేడిలోనే బర్మా జాతీయవాదుల 'దొబామా' సంఘం పుట్టింది. బర్మా రైతుకి తన కోపం తనకుంది. మాంద్యం దెబ్బకి అప్పులు తీర్చలేక, దిగువ బర్మా ప్రధాన వరి జిల్లాల్లో నాలుగో వంతు భూమి తమిళ వడ్డీ వ్యాపారులైన చెట్టియార్ల చేతికి పోయింది.

1941 డిసెంబరు 23న జపాన్ బాంబులు రంగూన్ మీద పడ్డాయి. 1942 మార్చి 8న నగరం జపాన్ వశమైంది. ఈలోగా, ఆ తర్వాత కలిపి సుమారు ఐదు లక్షలమంది భారత్ దారి పట్టారు. కొందరు ప్రోమ్ నుంచి అరకాన్ కొండలు దాటి టౌంగప్ చేరి, పడవల్లో అక్యాబ్, చిట్టగాంగ్ వెళ్లారు. కొందరు తమూ మీదుగా మణిపూర్ చేరారు. ఆఖరున మిగిలినవాళ్లు హుకాంగ్ లోయ అడవిలో వానల్లో చిక్కారు. కలరా, మలేరియా, ఆకలి, దారిదోపిడీ. దారిలో పోయినవాళ్లు పదివేలనేవాళ్లున్నారు, యాభైవేలూ అంతకు మించీ అనేవాళ్లున్నారు. అప్పుడు ఎవరూ లెక్క రాయలేదు. తెల్లవాళ్లకో దారి, నల్లవాళ్లకో దారి పెట్టారన్న ఆరోపణ గాంధీ నోటిదాకా వచ్చి, క్విట్ ఇండియా ముందరి కోపంలో కలిసింది. ఆ కోపానికి చిరునామా ఉంది. అది బ్రిటిష్ సర్కారు.

మనవడి ఫోన్లో ఉన్న కోపానికి చిరునామా మారిపోయింది.

నా అంచనా

వామిక్ వోల్కన్ అనే మానసిక వైద్యుడు సైప్రస్‌లో పుట్టి అమెరికాలో పనిచేశారు. ఒక జాతి తన పూర్వీకులకు తగిలిన దెబ్బని తన గుర్తింపుగా మోస్తుంటే, నాయకుడొచ్చి దాన్ని నిన్న జరిగినట్టు రాజేస్తాడని ఆయన అంటారు. దీన్ని ఆయన 'ఎంచుకున్న గాయం' అంటారు. ఆయన చూపే ఉదాహరణ సెర్బియా: 1389 కొసొవో యుద్ధంలో చనిపోయిన లాజర్ రాజు అస్థికలని ఆరొందల ఏళ్ల సందర్భంగా ఊరూరా తిప్పారు. 1989 జూన్ 28న అదే యుద్ధభూమిలో సెర్బియా నాయకుడు మిలోషెవిచ్ ఉపన్యాసమిచ్చాడు.

ఆ సిద్ధాంతంలో నాయకుడి పాత్ర బాగా కనిపిస్తుంది. నాకు ఎక్కువ పనికొచ్చింది మాత్రం నాయకుడు రాకముందు ఇంట్లో, ఊళ్లో పేరుకున్న మౌనం. సెర్బియా, క్రొయేషియా, బోస్నియా ఒకటిగా ఉన్న పాత దేశం యుగోస్లావియా కథలో అది ఇంకా బాగా కనపడుతుంది.

1941 ఏప్రిల్‌లో హిట్లర్ ఆ దేశాన్ని ముక్కలు చేశాడు. బెల్‌గ్రేడ్ మీద బాంబులు పడింది ఏప్రిల్ 6నే, విశాఖకి సరిగ్గా ఏడాది ముందు. క్రొయేషియాలో నాజీల అండతో గద్దెనెక్కిన ఫాసిస్టులు, ఉస్తాషాలు, సెర్బులని, యూదులని, రోమాలని యాసెనొవాట్స్ క్యాంపులో చంపారు. హెర్జెగొవీనాలోని ప్రెబిలోవ్‌ట్సి అనే సెర్బు ఊరి ఆడవాళ్లని, పిల్లల్ని వందల సంఖ్యలో కొండ గోతిలో తోసేశారు. తూర్పు బోస్నియాలో ముస్లింలని చెత్నిక్‌లనే సెర్బు జాతీయవాద గెరిల్లాలు చంపారు. 1945 మేలో ఆస్ట్రియాలోని బ్లైబుర్గ్ దగ్గర లొంగిపోయిన ఉస్తాషా పక్షం వాళ్లని కమ్యూనిస్టు నాయకుడు టిటో గెరిల్లాలు, పార్టిజాన్లు, వేలల్లో చంపారు. తిలాపాపం తలా పిడికెడు.

యుద్ధం ముగిశాక టిటో 'సోదరభావం, ఐక్యత' అన్నాడు. స్మారకాల మీద ఫాసిజం బాధితులు అని రాయించారు. ఎవరు ఎవర్ని చంపారో రాయలేదు. బ్లైబుర్గ్ గురించి నోరెత్తనివ్వలేదు. ప్రెబిలోవ్‌ట్సి వాళ్లని తోసిన గోతిని 1961లో కాంక్రీటు పోసి మూసేశారు. ఊరందరికీ అది ఎక్కడుందో తెలుసు, ఎవరు తోశారో కూడా తెలుసు. ఆ కుటుంబాలు పక్కపక్కనే బతికాయి.

1980లో టిటో పోయాడు. పదేళ్లు తిరిగేసరికి గోతులు తవ్వి, ఎముకలు బయటికి తీసి టీవీల్లో చూపించారు. 1991 ఆగస్టులో పెద్ద ఎత్తున అంత్యక్రియలు చేశారు. అప్పటికి క్రొయేషియాలో యుద్ధం మొదలైపోయింది. మరుసటి ఏడాది క్రొయేషియన్ బలగాలు ఆ ఊరిని, ఎముకలు పెట్టిన చోటుని కూడా నేలమట్టం చేశాయి. చనిపోయినవాళ్లకి కర్మ చేయడం తప్పు కాదు, నలభై ఏళ్లు ఆపడమే తప్పు. అయితే ఎవరు తవ్వించినా తమవాళ్ల శవాలనే తవ్వించారు. తాము చంపినవాళ్ల గోతి ఎవరూ తవ్వలేదు.

అంకెలదీ అదే దారి. యాసెనొవాట్స్‌లో ఏడు లక్షలమంది పోయారని దశాబ్దాలపాటు పుస్తకాల్లో ఉండేది. తర్వాత క్రొయేషియా అధ్యక్షుడైన తుజ్మన్ లాంటివాళ్లు ముప్పై నలభైవేలే అన్నారు. ఇప్పుడు ఆ స్మారక కేంద్రం పేరుపేరునా సేకరించిన జాబితాలో 83,145 మంది ఉన్నారు. పేర్లు లేనంతకాలం అంకెని ఒకడు పెంచాడు, ఒకడు తగ్గించాడు. 1995 జులైలో బోస్నియాలోని స్రెబ్రెనిత్సా పట్టణంలోకి అడుగుపెట్టిన బోస్నియా సెర్బు సైన్యాధిపతి మ్లాదిచ్ కెమెరా ముందే 'తుర్కుల' మీద, అంటే బోస్నియా ముస్లింల మీద, పగ తీర్చుకునే వేళ వచ్చిందన్నాడు. అతని తండ్రి 1945లో ఉస్తాషాలతో పోరాడుతూ చనిపోయాడు. ఆ తర్వాతి రోజుల్లో అతని సైన్యం చేతిలో చనిపోయిన ఎనిమిది వేలమందికి పైగా బోస్నియా ముస్లింలకి, అతని తండ్రి చావుకి ఏ సంబంధమూ లేదు.

మన దగ్గర వెతికితే 1948 హైదరాబాద్ ఉంది. రజాకార్ల దారుణాలు ఒకవైపు. పోలీసు చర్య సమయంలో, తర్వాత జరిగిన హత్యల మీద సుందర్‌లాల్ కమిటీ ఇచ్చిన నివేదిక ఇంకోవైపు. తక్కువలో తక్కువ 27 నుంచి 40 వేలమంది చనిపోయారన్న ఆ నివేదికని ప్రభుత్వం దశాబ్దాలపాటు బయటపెట్టలేదు. ఏటా సెప్టెంబరు 17 రాగానే విమోచనమా, విలీనమా అని మొదలవుతుంది. రెండు పక్షాలూ తమకి పనికొచ్చే శవాలనే లెక్కపెడతాయి.

కాబట్టి కేసు ఫైల్లో నా అంచనా ఇలా రాసుకున్నాను. కుటుంబాలు నోరు మూసుకునేది తమకి జరిగినదాని వల్లే కాదు, తాము చేసినదాని వల్ల, చేయలేకపోయినదాని వల్ల కూడా. పిల్లలకి ఆ బరువు తెలుస్తుంది, కథ తెలియదు. ఎవరో వచ్చి 'మీకు జరిగింది' అనే సగం కథ ఇస్తే, ఆ బరువుకి పేరు దొరికినట్టవుతుంది. మనవడి విషయంలో ఆ రెండో సగం ఏమిటో అప్పటికి నాకూ తెలియదు.

ఏం చేశాం

రాజకీయం మీద వాదించకూడదని ముందే అనుకున్నాను. వాదిస్తే నేను కూడా 'దాచేవాళ్ల' జాబితాలో చేరతాను. బదులుగా ఇంజనీర్‌తో ఇంజనీర్ భాషలో మాట్లాడాను: ఆ ఐదు లక్షల అంకె ఎక్కడిదో కనుక్కురా. పది రోజుల్లో అతనే పట్టుకున్నాడు. ఐదు లక్షలనేది బయల్దేరినవాళ్ల అంచనా. ఫార్వర్డ్‌లో అది చంపబడినవాళ్ల లెక్కయింది. అతని మొహంలో సిగ్గు కంటే కోపమే కనిపించింది, ఈసారి ఆ పోస్టు చేసినవాడి మీద. అది నాకు చాలు.

అరకాన్ సంగతి కూడా తనే చదివాడు. 1942లో అక్కడ బౌద్ధ అరకానీలు, ముస్లింలు ఒకరినొకరు చంపుకున్నారు. ఇప్పుడు శరణార్థులుగా ఉన్నవాళ్ల తాతలు కూడా ఆ ఏడాది ఇళ్లు వదిలి పరుగెత్తినవాళ్లే. "అయితే మమ్మల్ని దోచిందెవరు మేడమ్?" అన్నాడు. "మీ అమ్మమ్మ ఉంది కదా, అడుగు" అన్నాను.

అమ్మమ్మకి అప్పటికి ఎనభై అయిదు. వాళ్లింటికే వెళ్లాను. మామ్మగారు ముందు మాట దాటేశారు. "ఏటి సెప్పమంతావు తల్లీ, సచ్చినోలు సచ్చారు, మిగిలినోలం మిగిలాం." బలవంతపెట్టలేదు. నోరు విప్పని వృద్ధులని గుచ్చి గుచ్చి అడగడం వైద్యం కాదు. యూట్యూబ్‌లో ఈ పని చేస్తున్నవాళ్లని చూస్తే నాకు భయమేస్తుంది. ఆరోజు ఆవిడ చెప్పింది ఒక్కటే. వాల్తేరు స్టేషన్లో దిగేసరికి ఊరు ఖాళీగా ఉందట. బాంబుల దెబ్బకి జనమంతా పల్లెలకి పోయారు, ఎక్కడ చూసినా తాళాలే. "రంగంలో బాంబులని పారొస్తే ఇక్కడా బాంబులే" అని నవ్వారు.

మిగతాది 2020 మేలో వచ్చింది. జాతీయ రహదారి మీద వలస కూలీలు బెంగాల్, ఒడిశా వైపు నడిచి వెళ్లడం రోజూ టీవీలో చూపించేవారు. ఆవిడ టీవీ కట్టనివ్వలేదు. మూడోరోజు మనవణ్ణి పిలిచి, వాళ్లకి నీళ్లెవరిస్తన్నారని అడిగారు. ఆ రాత్రి అతను ఫోన్ చేశాడు, "అమ్మమ్మ మాట్లాడుతోంది, ఆపనా, విననా?" అని. ఆపొద్దు, అడగొద్దు, పక్కన కూర్చో అన్నాను. ఆవిడే రికార్డు చేసుకోమన్నారట.

ఆవిడకో తమ్ముడు. "సిన్న గుంటడు, మూడేల్లు." అరకాన్ కొండల్లో కలరా తగిలింది. నీళ్లు లేవు. ఇంకా ఊపిరి ఉండగానే, చెట్టు కింద తువ్వాలు పరిచి పడుకోబెట్టి, వాళ్లయ్య ముందుకి నడిపించాడు. మిగతా ఇద్దరు పిల్లలైనా బతకాలని. వాళ్లమ్మ మళ్లీ ఎప్పుడూ భర్తతో సరిగ్గా మాట్లాడలేదు. ఇంట్లో ఆ పేరు పలకలేదు. తద్దినం పెట్టలేదు, ఏ రోజున పెట్టాలో తెలియదు కాబట్టి.

దోచింది బర్మా దొంగలు, కొండ దిగేచోట. పడవ దాటించింది చిట్టగాంగ్ ముస్లిం సరంగు. వాళ్లమ్మ ముక్కుపుడక తీసుకుంటే గాని ఎక్కించుకోలేదు. ఎక్కించుకున్నాక గంజి పోశాడు. ఆవిడ రెండూ ఒకే గొంతుతో చెప్పారు.

ఇంకో సంగతి మనవడే నాకు తర్వాత తెచ్చాడు. ముత్తాత రేవులో కూలీ కాడు, మేస్త్రీ. పల్లెల్లో అడ్వాన్సులిచ్చి మనుషుల్ని ఓడెక్కించి, వాళ్ల కూలిలో వాటా కోసుకునేవాడు. 1942 జనవరిలో అతని కింద ఉన్న కూలీలు బాకీ తీరకుండా ఎలా వెళ్తారని కొందరిని ఆపాడు. వాళ్లేమయ్యారో ఆవిడకి తెలియదు. "మా సైట్‌లో లేబర్ కాంట్రాక్టరు చేసేదీ ఇదే కదా" అన్నాడు మనవడు. ఆ పోలిక నేను ఎత్తలేదు.

అప్పుడు మళ్లీ నిద్ర చెడింది. ఇది రాయడం అవసరం. చెప్పేస్తే తేలికైపోతుందనేది సినిమాల్లో మాట. తల్లికి బీపీ పెరిగింది. కొన్ని వారాలు తల్లీకొడుకులతో విడివిడిగా ఫోన్లోనే పనిచేశాం, నిద్ర వేళలు, శ్వాస, ఆ పిల్లాడి గురించి ఏడవడానికి కొంత చోటు. ఆ ఏడాది మహాలయ అమావాస్యకి ఇంట్లో అతని పేరు కూడా చెప్పి పిండం పెట్టారు.

ఇప్పుడు

మనవడి రాజకీయాలు మారాయా అని సహోద్యోగులు అడుగుతారు. ఓటు ఎవరికి వేస్తాడో నేను అడగలేదు, అది నా పని కాదు. ఒక గ్రూపు నుంచి బయటికొచ్చాడు, ఇంకోదాంట్లో ఉన్నాడు. ఆ గ్రూపులో బర్మా ఫార్వర్డ్ మళ్లీ వస్తే, ఐదు లక్షల అంకె గురించి రాసి తిట్లు తిన్నాడు. రూమ్మేట్‌తో మాట్లాడుతున్నాడు, పాత చనువు లేదు. మాల్దా కుర్రాడు లాక్‌డౌన్లో వెళ్లినవాడు తిరిగిరాలేదు. నిద్ర పర్వాలేదు.

అందరికీ ఇది నచ్చలేదు. మేనమామ నాతో మాట్లాడటం మానేశారు. చచ్చిపోయిన తాతని మనవడి ముందు దొంగని చేశారని ఆయన బాధ. ఆయన మాటలో న్యాయం లేకపోలేదు. ఆ ముత్తాత కట్టిన రూపాయలతోనే ఆయన చదువుకున్నారు.

మామ్మగారు 2021లో పోయారు. రికార్డింగ్ గురించి ఇంట్లో ఇంకా తెగలేదు. మనవడు యూట్యూబ్‌లో పెడదామంటాడు. తల్లి సరేనంది గానీ, తమ్ముణ్ణి వదిలేసిన ముక్క, మేస్త్రీ ముక్క కోసేయమంది. "అవి కోసేస్తే మిగిలేది ఆ ఫార్వర్డే కదమ్మా" అన్నాడట. మేనమామ అసలు బయటికే వద్దంటున్నారు. ప్రస్తుతానికి ముగ్గురూ ఒప్పుకున్నది ఒక్కటే: ఏమీ కోయకుండా మొత్తం రెండు పెన్‌డ్రైవుల్లో పెట్టి, ఒకటి తల్లి దగ్గర, ఒకటి మేనమామ దగ్గర ఉంచారు.